ఎవరి చేతికి ఏ ఫోను

సభకు నమస్కారం. పర్లాకిమిడిలో ఫోన్లు రిపేరు చేసే కొట్టు నాది. స్టేజీ మీద మాట్లాడటం అలవాటు లేదు గానీ, ఈ విషయం మాట్లాడాలని నాకు చాలా కాలంగా ఉంది.

కొట్టుకి వచ్చేవాళ్లు రోజూ అడిగే మాట ఒకటే: "బాబూ, పదిహేను వేలల్లో ఏ ఫోను మంచిది?" నేను వెంటనే "ఎవరికి?" అని అడుగుతాను. "మా అమ్మకి" అంటే ఒక ఫోను, "కాలేజీకి వెళ్లే అమ్మాయికి" అంటే ఇంకొకటి, "పొలానికి పట్టుకెళ్తాను" అంటే మరొకటి. ఆ "ఎవరికి" అనేది అడగకుండా నేనే ఒకసారి మా ఇంట్లో తప్పు చేశాను.

మా అమ్మ చాలా ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. పలాస వైపు చుట్టాలున్నవాళ్లకి ఆ చేతులు ఎలా ఉంటాయో తెలుసు. పిక్క డొల్లలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ల చివర గీతలు అరిగిపోతాయి. ఆ సంగతి మరిచిపోయి ఆమెకి మూడు కెమెరాల ఫోను ఒకటి కొని తెచ్చాను. వేలిముద్ర పెడితే తెరుచుకోదు. ఆధార్ మిషన్ దగ్గర పడే అవస్థే మళ్లీ ఇంట్లోనూ మొదలైంది. సరే అని నాలుగంకెల పిన్ను పెట్టాను. అసలు కష్టం తర్వాత బయటపడింది. ఒక రాత్రి విశాఖ నుంచి తమ్ముడు నాలుగుసార్లు ఫోను చేశాడు. ఫోను అమ్మ చేతిలోనే ఉంది, మోగుతోంది. ఆమె పచ్చ బొమ్మ మీద వేలు పెట్టి నొక్కుతోంది, నొక్కుతోంది, కాల్ ఎత్తలేకపోతోంది. నేను ఇంటికి వచ్చేసరికి ఏడుస్తూ కూర్చుంది. "మోగుతోంది నాయనా, ఎత్తడం రావట్లేదు" అంది. ఆ బొమ్మని నొక్కకూడదు, పైకి జరపాలి. ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫోను ఎత్తడం అనే ఒక్క పని చూడండి. ఐఫోను లాక్ అయి ఉంటే బొమ్మని కుడివైపుకి జరపాలి, వాడుతుండగా కాల్ వస్తే మాత్రం ఊరికే తాకాలి. ఒకే ఫోను, రెండు పద్ధతులు. సామ్‌సంగ్‌లో పచ్చ వలయాన్ని ఎటు లాగినా ఎత్తుతుంది. మరికొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పైకి జరపాలి. పాత మీటల ఫోనులో పచ్చ మీట, ఎర్ర మీట ఉండేవి. కళ్లు మూసుకుని కూడా ఎత్తేవాళ్లం. 2017లో వచ్చిన జియోఫోను ఇంటర్నెట్ ఇచ్చి కూడా ఆ మీటలు ఉంచింది. మన పక్క పల్లెల్లో ముసలివాళ్లు దాన్ని అంత ఇష్టంగా పట్టుకోవడానికి అదే కారణమని నేను నమ్ముతాను.

నేర్చుకున్నాక కూడా తిప్పలు తప్పవు. 2025 ఆగస్టులో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ చేసే స్క్రీను రూపం చెప్పాపెట్టకుండా మారిపోయింది. ఆ వారమంతా నా కొట్టు ముందు జనం. "నా ఫోను ఎవరో మార్చేశారు", "వైరస్ వచ్చింది" అంటూ టెన్షన్‌తో వచ్చారు. ఒక పెద్దాయన కాశీనగర్ నుంచి బస్సెక్కి వచ్చారు, రానూపోనూ చార్జీలు పెట్టుకుని. ఫోనుకి ఏమీ కాలేదు. ఆయన వేళ్లు కష్టపడి నేర్చుకున్న దారిని ఎవరో ఎక్కడో కూర్చుని మూసేశారు. నాకు చాలా కోపం వచ్చింది.

కొన్ని ఉపాయాలు ఉన్నాయి. సామ్‌సంగ్‌లో వాల్యూమ్ పెంచే బటన్‌తో కాల్ ఎత్తేలా పెట్టుకోవచ్చు. అందులోనే ఈజీ మోడ్ ఉంది, బొమ్మలు పెద్దవవుతాయి. ఐఫోనులో 2023 నుంచి అసిస్టివ్ యాక్సెస్ వచ్చింది, నాలుగైదు పెద్ద బొమ్మలు తప్ప ఇంకేమీ కనపడవు. మా అమ్మకి నేను చివరికి తెచ్చింది తక్కువ ధర సామ్‌సంగే. వాల్యూమ్ బటన్‌తో ఎత్తుతుంది. ఆ మూడు కెమెరాల ఫోను ఇప్పుడు మా అబ్బాయి వాడుతున్నాడు.

ఇక మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాలకే ఉన్న పేచీ ఒకటుంది: అక్షరాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడారు, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ ఊళ్లో ఇవాళ ఒక్క ఇంట్లోనే నాయనమ్మ తెలుగు చదువుతుంది, కోడలు ఒడియా చదువుతుంది, మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం రాదు, బడిలో నేర్చుకున్నది ఒడియా. ఒక ఫోను ఈ ముగ్గురికీ పనికి రావాలి.

మన దేశంలో ఫోన్లకి ఐఎస్ 16333 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్రతి ఫోనులోనూ 22 భాషల అక్షరాలు చదవడానికి కనపడాలి. రాయడానికి ఇంగ్లీషు, హిందీ కాక ఇంకొక భారతీయ భాష ఉంటే చాలు. కనపడటం వరకు ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లూ బాగానే ఉన్నాయి. కానీ కొనే ముందు ఒక పరీక్ష చేయండి. భాష తెలుగుకి మార్చి, అక్షరాల సైజు పూర్తిగా పెంచండి. తర్వాత "లక్ష్మి", "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు ఎలా కనపడుతున్నాయో చూడండి. కొన్ని ఫోన్లలో కింది ఒత్తులు తెగిపోతాయి. బటన్ మీద మాట సగంలో ఆగి మూడు చుక్కలు వస్తాయి. ఇంగ్లీషు అక్షరానికి కొలిచిన గడిలో మన అక్షరాన్ని కుక్కితే అంతే. మన అక్షరానికి పైన గుడి కావాలి, కింద ఒత్తుకి చోటు కావాలి.

పెద్ద కంపెనీలకి కూడా ఇది తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ వార్త విన్నప్పుడు చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఫోను అమ్మే ముందు మన అక్షరాన్ని ఎవరూ సరిగా పరీక్షించలేదని అనిపించింది.

రాయడానికి వస్తే, గూగుల్ వాళ్ల జీబోర్డు లాంటి కీబోర్డులో తెలుగు, ఒడియా రెండూ పెట్టుకుని, స్పేస్ బార్‌ని కాసేపు నొక్కి పట్టి మార్చుకోవచ్చు. మనవడు ఇంగ్లీషు అక్షరాల్లో "amma" అని కొడితే "అమ్మ" అని వస్తుంది. నాయనమ్మకి చక్కగా చదువుకునే ఉత్తరం అవుతుంది. మైకు నొక్కి మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యం గూగుల్ 2017లో తెలుగుకి ఇచ్చింది. అప్పుడు ఇచ్చిన భాషల్లో ఒడియా లేదు. తెలుగులోనూ మన యాస దానికి సులువుగా అందదు. తొందరగా రమ్మని "బేగి రా" అంటే ఇంకేదో రాస్తుంది. రెండు మూడు ఫోన్లలో మీ మాటే మాట్లాడి చూడండి. సవరల సొంత లిపి సొరాంగ్ సోంపెంగ్ 2012లోనే, ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలకి వాడే ఉమ్మడి జాబితా అయిన యూనికోడ్‌లో చేరింది. అయినా నా కొట్టుకి వచ్చే కొన్ని ఫోన్లలో ఆ అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనపడతాయి. గుమ్మ, సెరంగో వైపు నుంచి వచ్చే సవర పిల్లలు అది చూసి ఊరుకుంటారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

బ్యాటరీ గురించి ఒక్క మాట. బ్యాటరీ ఎంత పెద్దదో చెప్పే 5000 ఎంఏహెచ్ లాంటి అంకె అన్నిటి డబ్బా మీదా ఉంటుంది. కొండల్లో సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ని అందుకోవడానికి ఫోను ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం టవర్‌కీ, ఇవతల మన టవర్‌కీ మధ్య ఊగుతూ ఉంటే ఛార్జింగ్ ఇంకా తొందరగా దిగుతుంది. కాబట్టి మీ పక్కింటివాళ్ల ఫోను సాయంత్రానికి ఎంత మిగిలిందో అడగండి, పట్నంలో ఉన్న బావగారిని అడగకండి. ఎండలో స్క్రీను కనపడటం కూడా అంతే. దుకాణం ఏసీలో అన్నీ మెరుస్తాయి. అమ్మేవాడిని అడిగి గుమ్మం దాటి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. వద్దంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.

కెమెరాల గురించి నేను మాట్లాడను, దానికి యూట్యూబ్ నిండా మనుషులున్నారు.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. పక్కనున్నవాళ్ల ఫోనుకి ఒక కాల్ చేయండి, వాళ్లు ఎన్నిసార్లకి ఎత్తారో లెక్కపెట్టండి. ఎత్తలేకపోయినవాళ్లు మొహమాటపడకుండా నా దగ్గరికి రండి. ముందు వరసలో పెద్దమ్మా, మీ ఫోను ఇలా ఇవ్వండి, మొదట మీదే చూద్దాం.