చంద్రగిరి నుంచి పులికాట్ దాకా

సభకు నమస్కారం.

సెలవులు రాగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే పేరు గోవా. సముద్రం, పాత ఊళ్ళు, కోటలు అన్నీ అక్కడ ఉన్నాయి, కాదనను. కానీ 2022లో జిల్లాలు మారి సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలో కలిశాక, పులికాట్ సరస్సులో చాలా భాగమూ దాని పక్కనున్న తీరమూ మనవే అయ్యాయి. ఒక్క రెండు రోజులు అటు వెళ్ళి రండని అడగడానికే వచ్చాను. ప్రయాణం మాత్రం చంద్రగిరిలో మొదలుపెట్టండి.

ఎందుకంటే ఆ తీరంలో వ్యాపారానికి దిగిన పరదేశులు అనుమతి అడిగింది చంద్రగిరిని ఏలిన మన రాజులనే. విజయనగర రాజు వేంకటపతిరాయల కాలంలో, 1610లో, డచ్చివాళ్ళకు పులికాట్‌లో చోటు దొరికింది. 1613 నాటికి గెల్డ్రియా కోట లేచింది. వాళ్ళకు కావలసింది మన నేత బట్ట. ఇక్కడ బట్ట కొని, ఓడల్లో తూర్పు దీవులకు తీసుకెళ్ళి, దానికి బదులు లవంగాలు, జాజికాయలు తెచ్చుకునేవాళ్ళు. కరువు రోజుల్లో పేదల్ని బానిసలుగా కొని అదే ఓడల్లో బటేవియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, పంపారు. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

డచ్చివాళ్ళ పోటీ తట్టుకోలేక ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో దిగారు. అక్కడ వ్యాపారం సాగలేదు. అక్కడి నుంచి దక్షిణానికి కదిలిన ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల నాయకుల దగ్గర కాస్త నేల సంపాదించాడు. అదే చెన్నపట్నానికి నాంది. ఆ నాయకులు చంద్రగిరి రాజు కింది సామంతులు. చంద్రగిరి కోటలోని రాజమహల్ మేడ మీద నిలబడి ఇది ఒక్కసారి తలుచుకోండి. కిందుగా పోయే స్వర్ణముఖి కూడా శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి ఆ సముద్రంలోనే కలుస్తుంది.

మీ దారి కూడా అదే. నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట చేరి, శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రెండు పక్కలా నీళ్ళే. చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. ఆ లోతులేని నీళ్ళే ఫ్లెమింగోలకు కావాలి. తల తిరగేసి ముక్కు నీళ్ళలో ముంచి, బురదనీటిని వడకట్టి మేత ఏరుకుంటాయి. ఒకటి మెడ ఎత్తితే పక్కనున్నవన్నీ ఎత్తుతాయి. కారు దూరంగా ఆపి, దిగకుండా చూడండి. హారన్ వేశారా, గుంపంతా లేచిపోతుంది.

పులికాట్ ఊరు తమిళనాడులో ఉంది, పొన్నేరి మీదుగా వెళ్ళాలి. కోటలో చూడ్డానికి పెద్దగా మిగల్లేదు. చూడాల్సింది డచ్చి సమాధుల తోట. గుమ్మానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల పలకల మీద ఓడలెక్కి వచ్చి ఇక్కడే కన్నుమూసిన వాళ్ళ పేర్లు. తొందరపడకుండా ఒక్కొక్క పలక దగ్గరా ఆగండి. భాష రాకపోయినా పేర్లు, సంవత్సరాలు చదవొచ్చు.

వచ్చే దారిలో నేలపట్టు పక్షుల కేంద్రం వదలొద్దు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు ఎరువని రైతులకు తెలుసు. అందుకే ఊరివాళ్ళు వాటి జోలికి ఎవర్నీ రానివ్వరు. నాకు ఆ ఊరంటే గౌరవం.

అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్లు. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. ఎండ తక్కువ, పక్షులు నిండుగా ఉంటాయి. రొయ్యలు, పీతలు రేవు దగ్గరే జాలర్ల దగ్గర కొనండి, డబ్బు నేరుగా వాళ్ళ చేతికే అందుతుంది. ప్లాస్టిక్ సీసాలు మాత్రం మీ సంచిలోనే తిరిగి తెచ్చేయండి.