పుండు మీద తేనె: ఏ తేనె?

యాంకర్: వేలు కాలితే తేనె రాయడం మన ఇళ్లలో ఉన్నదే. సర్జన్ గారూ, నిజంగా పనిచేస్తుందా, అమ్మమ్మల నమ్మకమేనా?

సర్జన్: పనిచేస్తుందండి. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. అవి పుండులోని నీటిని లాగేస్తాయి, బ్యాక్టీరియాకి బతుకు ఉండదు. పైగా తేనెకి ఆమ్ల గుణం ఉంది. ఇంకో తమాషా చెప్పనా? పుండు రసితో తేనె పలచబడగానే అందులోని ఎంజైమ్ క్రిములను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. అదీ కొద్దికొద్దిగా.

ఆయుర్వేద వైద్యురాలు: సుశ్రుతుడు తాజా గాయాలకు తేనె, నెయ్యి వాడమన్నాడు. పెరాక్సైడ్ పేరు తెలియదు, అంతే!

యాంకర్: (నవ్వు) మరి పరీక్షించి చూశారా?

సర్జన్: మన దగ్గరే చూశారు. 1991లో సోలాపూర్ సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం గారు 104 మంది కాలిన రోగుల మీద తేనెను కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ మందుతో పోల్చి ప్రచురించారు. తర్వాత 2015లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్లు అధ్యయనాలన్నీ కలిపి చూశారు. చర్మం పైపొరల వరకే కాలితే, మామూలు డ్రెస్సింగుల కంటే తేనెతో నాలుగైదు రోజులు ముందే మానుతోందని తేల్చారు.

యాంకర్: ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు. నాన్నగారికి షుగరు, కాలి పుండుకి పుట్టతేనె రాస్తున్నారట.

సర్జన్: ఆపేయమనండమ్మా. షుగరు కాలికి స్పర్శ తగ్గిపోతుంది. పైకి చిన్నగా కనిపిస్తుంది, లోపల ఎముక దాకా వెళ్లి ఉండొచ్చు. అక్కడ తేనె మేలు చేస్తుందని గట్టి రుజువు లేదు.

ఆయుర్వేద వైద్యురాలు: అది ఒప్పుకుంటాను. కానీ పుట్టతేనె స్వచ్ఛమైనది కదా డాక్టర్ గారూ?

సర్జన్: స్వచ్ఛం వేరు, క్రిమిరహితం వేరు మేడమ్. పట్టు నుంచి అప్పుడే పిండిన తేనెలోనూ క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఏడాది లోపు పిల్లలకు నాకించొద్దనేది అందుకే. వేడిచేస్తే ఆ ఎంజైమ్ పోతుంది. అందుకే డ్రెస్సింగు తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు.

యాంకర్: ఇక సీసా తేనె సంగతి... 2020లో ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఈ పరీక్షిస్తే చాలా బ్రాండ్లలో చక్కెర పాకం బయటపడింది. మనం పుండుకి పాకం పూస్తున్నామేమో! సరే, మైనం, తేనెటీగల జిగురు ప్రొపోలిస్ సంగతి?

ఆయుర్వేద వైద్యురాలు: మైనం లేపనం చిక్కబడడానికే. ప్రొపోలిస్ కొందరికి పడదు, దద్దుర్లు వస్తాయి.

యాంకర్: అయితే రేపు వంటింట్లో చెయ్యి కాలితే?

సర్జన్: కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. బొబ్బ చిదపకండి. తేనె సీసా తర్వాత వెతుక్కోవచ్చు.