21 సెంటీమీటర్ల దగ్గర ఏం జరిగింది?

అందరికీ నమస్కారం. చెన్నైలో మన పిల్లలకు ఆదివారాల్లో తెలుగు చెప్పే టీచర్లూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. నేను అక్షరాలతో పాటు కొంచెం లెక్కలు కూడా చెబుతాను. ఈ రోజు ఒక్క మాట పట్టుకునే మాట్లాడతాను. ఆ మాట దీర్ఘచతురస్రం.

మూడో తరగతి పిల్లని "చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా?" అని అడిగి చూడండి. కాదనే అంటుంది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు, పేరే అలా ఉంది. దీర్ఘం అంటే పొడవు. చతురస్రాన్ని సాగదీస్తే వచ్చేదే దీర్ఘచతురస్రమని మన మాటే చెబుతోంది. ఇదే ఆకారాన్ని తమిళంలో సెవ్వగం అంటారు, లంబకోణాన్ని సెంగోణం అంటారు. రెండింటికీ మొదట ఉన్నది ఒకటే మాట, దానికి తిన్నగా ఉండడమని అర్థం. వాళ్ళు మూలల్ని చూసి పేరు పెట్టారు, మనం పొడవును చూసి పెట్టాం. మన పేరు నాకు చాలా ఇష్టం, మార్చమని అనను. కానీ నిర్వచనంలో పొడవు ఊసే లేదు. నాలుగు భుజాలు, నాలుగూ లంబకోణాలు, అంతే. ఈ సంగతి పిల్లల చేతికి తెలియాలి.

నెదర్లాండ్స్‌లో బడిపిల్లలకు జ్యామితి చెప్పిన దంపతులు పియెర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె 1957లో దీని మీద చెప్పిన మాట నాకెంతో ఉపయోగపడింది. పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూస్తారు, "తలుపులా ఉంది" అంటారు. తర్వాత భుజాలు, కోణాలు గమనిస్తారు. ఒక ఆకారం ఇంకోదానిలో భాగమని తెలిసేది ఆ తర్వాతే. అది వయసుతో దానంతటదే రాదు, మనం చేయించే పనిని బట్టి వస్తుంది.

మా క్లాసులో ఏం చేశామో చెబుతాను. ఒక ఏ4 కాగితం తీసుకున్నాం. పొడవు 29.7, వెడల్పు 21 సెంటీమీటర్లు. దాని మీద అట్టపుస్తకం పెట్టి, కాగితాన్ని మెల్లగా పుస్తకం కిందికి తోయమన్నాను. బయట కనిపించే ముక్క పొడవు తగ్గుతూ వస్తోంది, వెడల్పు మాత్రం అదే 21. ఒక పాప స్కేలు పట్టుకుని చదువుతోంది. 25, దీర్ఘచతురస్రం. 22, దీర్ఘచతురస్రం. 21 దగ్గర "ఆపు ఆపు, చతురస్రం!" అని అరిచింది. ఇంకాస్త తోయమన్నాను. 20, మళ్ళీ దీర్ఘచతురస్రం.

"మూలలు ఎక్కడైనా మారాయా?" అని అడిగాను. పోస్టుకార్డు మూల ఆనించి చూసింది. లేదంది. "మరి 21 దగ్గర అది దీర్ఘచతురస్రం కాకుండా పోయిందా?"

చాలాసేపు మాట్లాడలేదు. కాగితాన్ని లోపలికీ బయటికీ నాలుగైదుసార్లు జరిపింది. ఆ మౌనాన్ని దయచేసి ఎవరూ చెడగొట్టకండి. మనకు జవాబు తెలుసు కాబట్టి నోరు ఊరుకోదు, అయినా ఓర్చుకోవాలి. చివరికి తనే అంది: "పోలేదు టీచర్. అక్కడ భుజాలు కూడా సమానమయ్యాయి, అంతే."

ఆ "కూడా" కోసమే నేను ఆ గంటంతా కూర్చున్నాను.

వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "అయితే చతురస్రం డైమండ్ కూడానా?" డైమండ్ అంటే నాలుగు భుజాలూ సమానంగా ఉండే సమచతుర్భుజం. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నాలుగు అగ్గిపుల్లలు, వాటిని మూలల దగ్గర కలపడానికి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు నాలుగు తన చేతిలో పెట్టాను.