ఆదివారం రానివాళ్ళ పాస్టరు

(మహబూబ్‌నగర్‌లో, కొత్తగా సేవకు వెళ్తున్న పాస్టర్ల కూటంలో ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగం)

ప్రభువు పేరిట అందరికీ వందనాలు.

నాకిచ్చిన అంశం 'ప్రేమగల కాపరి, నిస్వార్థ సేవకుడు'. ఇలాంటి అంశం ఇస్తే మామూలుగా ఏం చెప్తారో మీకూ తెలుసు. నిందారహితుడై ఉండాలి, ఇంటిని చక్కగా ఏలుకోవాలి, ధనాపేక్ష ఉండకూడదు. అదంతా మొదటి తిమోతి మూడో అధ్యాయంలో పౌలు రాసిపెట్టాడు. చదువుకుని వచ్చినవాళ్ళు, మీకు మళ్ళీ అప్పజెప్పడం ఎందుకు? నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ఆదివారం గుడికి రానివాళ్ళ గురించి మీకెంత తెలుసు?

మన దగ్గర గొర్రెలు కాసేవాళ్ళను అందరూ చూసే ఉంటారు. సాయంత్రం మంద దొడ్డికి చేరేటప్పుడు కురుమ పెద్దాయన వేలు పెట్టి లెక్కించడు. అలా ఒక చూపు చూస్తాడు, 'ఆ నల్లమచ్చ పిల్ల రాలేదేంది?' అంటాడు. వచ్చినవి ఎన్నో ఆయనకు అక్కర్లేదు, రానిది ఏదో ఆయన కంటికి ముందు తగులుతుంది. లూకా పదిహేనులో తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని వెంట పోయిన కాపరి కథ మనకు ప్రసంగంలో బాగా పనికొస్తుంది. ఆచరణలో మాత్రం మనం తొంభై తొమ్మిదితోనే ఫోటో దిగుతాం.

పాలమూరులో ఈ ప్రశ్నకు ఇంకో బరువుంది. ఒకప్పుడు దేశంలో ఎక్కడ డ్యామ్ కడుతున్నా అక్కడ పాలమూరు లేబర్ ఉండేవాళ్ళని పేరు. కాలవలొచ్చినచోట వలస కొంత తగ్గింది, నిజమే. కానీ కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు పల్లెల్లో పండగ వెళ్ళిందంటే ఇప్పటికీ బొంబాయికి, పుణెకు బస్సులు కదులుతాయి. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ అప్పుకే సరిపోతుంది, ఇక మనిషి బయల్దేరక తప్పదు. డిసెంబరు మొదటి ఆదివారం గుడిలో చూస్తే ముసలివాళ్ళు, పిల్లలు, బాలింతలు. మళ్ళీ ఆ గుడికే క్రిస్మస్‌కు సీరియల్ లైట్లు, సౌండ్ బాక్సులు! కొందరు పాస్టర్లు దీన్ని 'డల్ సీజన్' అనడం నేను విన్నాను. కానుకలు తగ్గుతాయి కదా, అందుకు.

అదే ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు గారిని నాకు బాగా తెలుసు. ఆయన పేరు చెప్తే ఆయనకే నచ్చదు. ఆయన దగ్గర అట్ట చిరిగిన రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటుంది. బస్సు కదిలే రాత్రి ఆయన అక్కడే ఉంటాడు. ప్రార్థన చేస్తాడు, చేసినాక ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటాడు. ఎవరు, ఏ ఊరికి, ఏ మేస్త్రీ కింద, మేస్త్రీ ఫోన్ నంబర్ ఎంత, ఇంట్లో ఎవరిని వదిలిపెట్టి పోతున్నారు. చివరి గడిలో అప్పు ఎంత అనేది కూడా. ఆదివారం ఆరాధన అయిపోయి, నాలుగు ముద్దలు తిని, ఎక్సెల్ బండి మీద ఆ పుస్తకం పెట్టుకుని బయల్దేరతాడు. ఒక ముసలమ్మ ఇంటికి నేనూ ఆయన వెంట పోయాను. కొడుకు, కోడలు పుణెలో సెంట్రింగ్ పనికి పోయారు. ఈయన ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని 'తిన్నావా బిడ్డా?' అంది. అవతల నుంచి ఏదో చెప్తున్నాడు, ఈమెకు సరిగ్గా వినపడదు, మళ్ళీ 'తిన్నావా?' అంది. మూడుసార్లు అదే. పాస్టరు గారు ఆ సేపట్లో ఆమె రేషన్ బియ్యం తెచ్చుకుందా లేదా అని మూట చూశాడు, కుండలో నీళ్ళు చూశాడు. వాక్యం చదివింది ఐదు నిమిషాలు కూడా కాదు.

ఆ పుస్తకం వల్ల ఇంకో లాభం ఉంది. ఒకాయన టీబీ మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలోనే పనికి పోవాల్సొచ్చింది. ఆర్నెల్ల కోర్సు మధ్యలో ఆగితే ఏమవుతుందో మీకు తెలుసు. పాస్టరు గారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి, అక్కడి మందులు పుణెలో అందేటట్టు కాగితం రాయించాడు. ఇటు పక్క 'నమ్మకముంటే మందులెందుకు?' అనే బోధకులూ ఉన్నారు. ఒక్కమాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మందు మాన్పించి ప్రార్థన చేసేవాడు రోగి కోసం చేయడంలేదు, 'నా ప్రార్థనతోనే బాగయ్యాడు' అని చెప్పుకునే తన సాక్ష్యం కోసం చేస్తున్నాడు.

ఇప్పుడు కొంచెం చరిత్ర. అజరయ్య గారు తిరునెల్వేలి మనిషి, తమిళుడు. 1909లో డోర్నకల్‌కు వచ్చి మన తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. నేను చెప్పదలిచింది ఆ మధ్య సంగతి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన లేచి తెల్లదొరల మొహం మీదే మాట్లాడాడు. మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, దానికి కృతజ్ఞులమే, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నాడు. సభలో చాలామందికి మింగుడుపడలేదంటారు. నూరేళ్ళు దాటింది. తెల్లదొరలు పోయారు. ఇప్పుడు అదే మాట మన సంఘస్తులు మనల్ని అంటున్నారు, పైకి అనకపోయినా. అయ్యగారు చీరలు పంచుతాడు, దుప్పట్లు పంచుతాడు, కానీ మా ఇంట్లో పీట వేసుకుని కూర్చోడు.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన తరం ఒకటుంది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్ళొస్తున్నాయి, సంతోషం, కానీ వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. అటువంటి ఒక పెద్దాయనకు ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి అక్కడి పాస్టరు గారు ఇంటికి పోయాడు. ఆయన మెడ పైకి లేవదు. మనం నిలబడితే ఆయనకు మన చెప్పులు కనపడతాయి, అంతే. పాస్టరు గారు తెల్లచొక్కాతోనే నేల మీద, ఆయన మోకాళ్ళ కిందకి వంగి కూర్చుని, అక్కడి నుంచి రొట్టె అందించాడు. అప్పుడే ఆ ముసలాయనకు ఇచ్చేవాడి మొహం కనపడింది. ఆ వంగి కూర్చోవడం మీకు ఏ బైబిల్ కాలేజీలోనూ సిలబస్‌లో చెప్పి ఉండరు.

రానివాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. ఇక్కడున్న మనందరికీ తెలుసు, పైకి అనుకోం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, బీసీ-సీలోకి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తాడు. అందుకని పిల్లవాడి హాస్టల్ సీటు కోసం, ఉద్యోగం కోసం సంఘ రిజిస్టరులో పేరు ఎక్కించుకోని కుటుంబాలున్నాయి. వాళ్ళు సాయంత్రం కూటానికి వస్తారు, వెనక కూర్చుంటారు, బాప్తిస్మం అంటే తల దించుకుంటారు. 'మనుషుల ముందు నన్ను ఒప్పుకోనివాడిని' అని వాక్యం ఎత్తి వాళ్ళను అందరి ముందు పొడిచిన పాస్టర్లను చూశాను. ఆ చట్టం న్యాయమా కాదా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది, అది వేరే సభలో మాట్లాడుకుందాం. ఇక్కడ నేనడిగేది చిన్నది. మీ వార్షిక నివేదికలో సభ్యుల సంఖ్య పెరగడం కోసమా, ఆ పిల్లవాడి కోసమా మీ తొందర? సంఖ్య కోసమైతే దాన్ని సువార్త అనకండి. వాళ్ళింట్లో జ్వరమొచ్చినా పోండి, చావొచ్చినా పోండి. రిజిస్టరు తర్వాత.

ఇక డబ్బు. ఇది నేను తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఇందులో చిక్కేమీ లేదు. సమూయేలు ముసలితనంలో జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా చెప్పండి అని అడిగాడు. మీరూ ఏడాదికోసారి అడగండి. లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టి అడగండి. గుడి స్థలం మీ పేరు మీద రాయించుకోకండి. అంతే.

అయితే నిస్వార్థం అంటే పాస్టరమ్మ పస్తులుండటం కాదు. ఈ మాట వెనకాల నిలబడ్డ సంఘ పెద్దలకు చెప్తున్నా, దయచేసి దగ్గరికి రండి. పౌలు డేరాలు కుట్టుకుని బతికాడని మీరు కమిటీ మీటింగుల్లో తెగ చెప్తుంటారు. సువార్త ప్రకటించేవాడు సువార్త వలన బతకాలని రాసింది కూడా ఆ పౌలే. పాస్టరు త్యాగం చేయాలని కోరే సంఘాలు ఆయన పిల్లల ఫీజు సంగతి ఎప్పుడైనా అడిగాయా? జీతం నాలుగు నెలలు బాకీ పెట్టి, 'మా అయ్యగారు గడప గడపకూ తిరగడు' అంటే ఎట్లా? ఏ బండి మీద తిరుగుతాడు, పెట్రోలు ఎవరు పోస్తారు?

కాబట్టి ఈ నెల మీటింగులోనే రెండు తీర్మానాలు రాయండి. ఒకటి, పాస్టరుకు పెట్రోలు, ఫోన్ రీఛార్జి ఖర్చు సంఘం నుంచి విడిగా. రెండు, నెలకొక ఆదివారం ప్రసంగం పెద్దలే చెప్పుకోవాలి, ఆ రోజు పాస్టరును వలస పోయినవాళ్ళున్న చోటికి పంపాలి. రాత్రి బస్సెక్కితే పొద్దున పుణెలో దిగుతాడు. లేబర్ క్యాంపుల్లో ఆదివారం సెలవు ఉండదు, సాయంత్రం పని దిగాక కలవాలి. టికెట్ డబ్బులు ఏ ఖాతాలోంచి తీయాలని ట్రెజరర్లు అడుగుతారు. క్రిస్మస్ డెకరేషన్ ఖాతాలోంచి తీయండి.