ఫోటోసెల్‌తో ప్లాంక్ స్థిరాంకం: లెక్క ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో ఫోటోసెల్ ముందు కూర్చోబోతున్నారు. దానికంటే ముందు ఒక జింకు పలక సంగతి చూద్దాం.

పలకను ఎమరీ పేపరుతో తళతళలాడేదాకా రుద్ది, విద్యుద్దర్శిని మీద పెట్టి, రుణావేశం ఇవ్వండి. రేకులు విచ్చుకుంటాయి. ఎంత పెద్ద టార్చి వేసినా అవి దిగవు. 254 నానోమీటర్ల యూవీ ట్యూబు దగ్గరకు తెస్తే చకచకా ముడుచుకుంటాయి. మధ్యలో మామూలు కిటికీ అద్దం పెట్టండి, ముడుచుకోవడం ఆగిపోతుంది. పలకను రుద్దకపోతే ఆక్సైడ్ పొర వల్ల ఫలితం సరిగా రాదు. ఆ ట్యూబును మాత్రం నేరుగా చూడకండి, చర్మం మీద పడనివ్వకండి.

జింకు పని ప్రమేయం, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి బయటికి లాగడానికి కావాల్సిన కనీస శక్తి, సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక్కో ఫోటాన్ (వెలుగు కణం) శక్తి అదే యూనిట్లలో వస్తుంది. 254కి 4.9. టార్చిలోని 450 నీలానికి 2.8 దగ్గరే. ఇలాంటి వెలుగులో ఒక ఎలక్ట్రాన్‌కు అందేది ఒక్క ఫోటానే. వెలుగు పెంచితే ఫోటాన్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కోదాని శక్తి పెరగదు. 1902లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త లెనార్డ్ కొలతల్లో కనిపించిన ఈ చిక్కుముడిని 1905లో ఐన్‌స్టీన్ విప్పింది ఇలాగే.

ఇక ఫోటోసెల్. వెలుగు పడ్డ కాథోడ్ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను ఎదుటి ఆనోడ్ అందుకునే గొట్టం ఇది. పాదరస దీపం వెలిగించి, అది స్థిరపడేదాకా పది నిమిషాలు ఆగండి. 365, 405, 436, 546, 578 నానోమీటర్ల గీతలకు ఒక్కో ఫిల్టరు పెట్టి, ఎలక్ట్రాన్లను ఆపి కరెంటును సున్నా చేసే ఎదురు వోల్టేజీ, అంటే నిరోధక పొటెన్షియల్, రాసుకోండి. పౌనఃపున్యానికి ఎదురుగా గ్రాఫు గీస్తే వాలు 4.14×10⁻¹⁵ వోల్టు సెకండ్లు రావాలి. దాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే 6.63×10⁻³⁴ జౌల్ సెకండ్లు, అదే ప్లాంక్ స్థిరాంకం. చేతి లెక్కగా గుర్తుంచుకోండి: 365కీ 546కీ మధ్య తేడా సుమారు 1.13 వోల్టులు.

అంతకంటే తక్కువ వస్తోందా? ముందు గది దీపాలు ఆర్పండి. పాత ట్యూబ్‌లైట్లలోనూ ఉన్నది పాదరసమే, దాని 436 నీలి గీత సెల్‌లోకి దూరుతుంది. నిరోధక పొటెన్షియల్‌ను నిర్ణయించేది అన్నిటికంటే శక్తి ఎక్కువున్న ఫోటాన్. అందుకే పసుపు, ఆకుపచ్చ రీడింగుల్లోకి కాస్త నీలం కారినా అవి పైకి లేస్తాయి, వాలు పడిపోతుంది.

రెండో దోషం ఇంకా మొండిది. కాథోడ్ పదార్థం కొంత ఆనోడ్ మీద చేరి, వెలుగు తగిలితే అక్కడి నుంచీ ఎలక్ట్రాన్లు ఎదురు వస్తాయి. అప్పుడు మీటరు సున్నా చూపేది అసలు నిరోధక పొటెన్షియల్ రాకముందే. వెలుగు కాథోడ్ మీద మాత్రమే పడేలా చిన్న రంధ్రం వాడండి. సున్నా చుట్టుపక్కల నానోఆంపియరు కంటే చిన్న కరెంట్లే ఉంటాయి కాబట్టి, దీపాన్ని మూసి మీటరు సున్నాను మళ్లీ మళ్లీ సరిచూడండి.

అమెరికన్ భౌతికశాస్త్రవేత్త మిల్లికన్ ఇదే ప్రయోగం కోసం శూన్యంలోనే సోడియం, పొటాషియం, లిథియం లోహాలను కత్తితో చెక్కి తాజా ఉపరితలం తీశాడు. స్పర్శ పొటెన్షియల్‌ను, అంటే రెండు వేర్వేరు లోహాలను కలిపినప్పుడు వాటి మధ్య దానంతట అదే ఏర్పడే వోల్టేజీని, విడిగా కొలిచాడు. 1916లో ప్రచురించిన ఆ ఫలితాల నుంచి మనం తప్పక నేర్చుకోవాల్సింది ఆ రెండో పనే. కాథోడ్, ఆనోడ్ వేర్వేరు పదార్థాలు కాబట్టి రెండిటి మధ్య స్పర్శ పొటెన్షియల్ కూడా మీ వోల్టుమీటరు రీడింగులో కలిసిపోతుంది. వాలుకు దానివల్ల నష్టం లేదు, గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది అంతే. కానీ గ్రాఫు అంతరఖండం ఇచ్చేది ఆనోడ్ పని ప్రమేయం. రికార్డులో దాన్ని కాథోడ్‌ది అని రాయకండి.