భోజనాల బల్ల దగ్గర ఎవరి మాట నిలుస్తుంది?

అందరికీ నమస్కారం.

స్కాండినేవియా, అంటే స్వీడన్, డెన్మార్క్ లాంటి ఉత్తర యూరప్ దేశాల సినిమా అనగానే చాలామంది మంచు, మౌనం, దిగులు అంటారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది భోజనాల బల్ల. దాని చుట్టూ అందరూ మర్యాదగా కూర్చుంటారు. కానీ ఎవరు మాట్లాడాలి, ఎవరు ఊరుకోవాలి, జరిగినదాని గురించి ఎవరు చెప్పిందే నిజమనుకోవాలి అన్న పెనుగులాట లోపల నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో అధికారం అంటే అదేనని నా నమ్మకం. మూడు సినిమాలతో ఆ సంగతి చెబుతాను. కథలు చివరిదాకా చెప్పక తప్పదు, చూడనివాళ్లు క్షమించాలి.

మొదటిది స్వీడన్ దర్శకుడు రూబెన్ ఓస్ట్‌లుండ్ 2014లో తీసిన 'ఫోర్స్ మెజ్యూర్'. ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్‌కి వచ్చిన కుటుంబం అది. టోమస్, ఎబ్బా, ఇద్దరు పిల్లలు. ఆరుబయట రెస్టారెంట్లో భోంచేస్తుంటే ఎదురుగా కొండ మీంచి మంచు జారడం మొదలవుతుంది. కంగారేం లేదు, రిసార్ట్‌వాళ్లే కావాలని జారుస్తున్నారని టోమస్ అంటాడు, ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. మంచు మీదికొచ్చేసరికి ఎబ్బా పిల్లల్ని కౌగిలించుకుంటుంది. అతను ఫోనూ గ్లౌజులూ పట్టుకుని పరుగు తీస్తాడు. తీరా వచ్చింది మంచుపొగ మాత్రమే. ఎవరికీ ఏమీ కాలేదు. అతను తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. కెమెరా అంతసేపూ కదలదు. ఎవరి మొహమూ దగ్గరగా చూపించకుండా, ఎవరి పక్షమూ చేరకుండా అలా చూస్తూ ఉంటుంది.

అసలు గొడవ పరుగు గురించి కాదు. పరుగెత్తాడని అతను ఒప్పుకోకపోవడం గురించి. ఆ సాయంత్రం వేరేవాళ్ల ముందు ఎబ్బా ఈ విషయం ఎత్తితే, తనకు అలా జరిగినట్టు గుర్తులేదంటాడు. అరవడు, కొట్టడు. "నువ్వు అలా చూశావు, నేను ఇలా చూశాను" అన్నట్టు మాట్లాడతాడు. ఆమె కళ్లారా చూసినదాన్ని ఆమె అభిప్రాయంగా మార్చేస్తాడు. ఇంతకన్నా మర్యాదైన దౌర్జన్యం నేను సినిమాలో చూడలేదు. పిల్లలు వినకూడదని గది బయట వరండాలో నిలబడి వాదించుకుంటుంటే, హోటల్ పనివాడు ఒకడు సిగరెట్ కాలుస్తూ వాళ్లనే చూస్తుంటాడు. తర్వాత స్నేహితుడు మాట్స్, అతని ప్రియురాలు ఫాన్నీ వచ్చినప్పుడు ఎబ్బా ఆ వీడియో చూపించమంటుంది. తన భర్త ముందు తన కళ్లకు సాక్ష్యం తెచ్చుకోవాల్సిన గతి ఆమెది. అక్కడితో ఆగదు. ఆపద వస్తే మగవాడు నిలబడతాడా, పారిపోతాడా అన్న ప్రశ్న మాట్స్, ఫాన్నీల గదిలోకీ వెళ్లి రాత్రంతా వాళ్లకు నిద్ర లేకుండా చేస్తుంది.

స్వీడన్‌కే చెందిన దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1978లో తీసిన 'ఆటమ్ సొనాటా' దీనికి పూర్తిగా వేరే స్వభావం ఉన్న సినిమా. అక్కడ కెమెరా మొహాలను వదలదు. తల్లి షార్లెట్ పేరున్న పియానో కళాకారిణి, ఆ పాత్ర ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ది. ఏడేళ్ల తర్వాత కూతురు ఎవా ఇంటికి వస్తుంది. ఎవాగా లివ్ ఉల్‌మన్. కూతురు షోపెన్ అనే స్వరకర్త రాసిన ప్రెల్యూడ్ (చిన్న పియానో రచన) ఒకటి వాయిస్తుంది. ఎలా ఉందో చెప్పమని అడిగితే తల్లి పక్కన కూర్చుని, ఇది ఎలా వాయించాలో వివరించి, తానే వాయిస్తుంది. కూతురు ఆమె మొహంకేసి చూస్తూ ఉండిపోతుంది. రాత్రి వాళ్లిద్దరి మధ్య జరిగే పెద్ద పోట్లాట గురించే అందరూ రాస్తారు. నాకైతే ఆ పోట్లాట మొత్తం పియానో దగ్గరే అయిపోయిందనిపిస్తుంది. తల్లి చెప్పింది సంగీతపరంగా సరైనదే కావచ్చు. సరైనదే చెబుతూ ఎదుటి మనిషిని చిన్నబుచ్చవచ్చు, దానికి ఎదురు చెప్పడానికి మాటలు దొరకవు.

ఇక థామస్ వింటర్‌బర్గ్ 1998 నాటి డేనిష్ సినిమా 'ఫెస్టెన్'. 1995లో మరో డేనిష్ దర్శకుడు లార్స్ వాన్ ట్రయర్‌తో కలిసి ఆయన ప్రకటించిన డాగ్మే నియమాల ప్రకారం వచ్చిన తొలి సినిమా ఇది. కెమెరా చేత్తోనే పట్టుకోవాలి, విడిగా లైట్లు పెట్టకూడదు, శబ్దం అక్కడికక్కడే రికార్డు చేయాలి. ఇక్కడ ఆ నియమాలు కథకు బలమిచ్చాయి. మనం కూడా ఆ విందులో ఇరుక్కుపోయిన అతిథుల్లా ఉంటాం.

హోటల్ యజమాని హెల్గే అరవయ్యో పుట్టినరోజు. డెన్మార్క్ విందుల్లో గ్లాసు తట్టి లేచి ప్రసంగించడం ఆచారం. పెద్దకొడుకు క్రిస్టియన్ లేచి, చిన్నప్పుడు తండ్రి తననూ తన కవల చెల్లెలు లిండానూ లైంగికంగా హింసించాడని చెబుతాడు. లిండా అప్పటికే ఆత్మహత్య చేసుకుని చనిపోయింది. అంత మాట విన్నాక ఏం జరగాలి? ఏమీ జరగదు. విందు సాగుతుంది. నన్ను భయపెట్టింది తండ్రికన్నా ఆ సభామర్యాదే. ఒక్కరు కూడా అబద్ధమని గట్టిగా అనకుండానే నిజాన్ని తొక్కేస్తారు. తల్లి ఎల్సే లేచి, చిన్నప్పటినుంచీ క్రిస్టియన్‌కి ఊహలు ఎక్కువని నవ్వుతూ చెప్పి, క్షమాపణ అడగమంటుంది. తమ్ముడు మిఖాయెల్ మరికొందరితో కలిసి అతన్ని బయటికి ఈడ్చి అడవిలో చెట్టుకు కట్టేస్తాడు.

క్రిస్టియన్‌కి అండగా నిలిచింది వంటింటివాళ్లు. చిన్ననాటి స్నేహితుడైన వంటమనిషి పూనుకుని, అతిథుల కారు తాళాలు గదుల్లోంచి తీయించి దాచేస్తాడు. ఎవరూ వెళ్లిపోవడానికి లేదు, వినాల్సిందే. ఆ ఇంట్లో పైవాళ్లకు లేని ధైర్యం జీతగాళ్లకు ఉంది.

చివరికి లిండా రాసిపెట్టిన ఉత్తరాన్ని సోదరి హెలెనే అందరి ముందూ చదివాక గానీ క్రిస్టియన్ మాట చెల్లదు. మర్నాడు టిఫిన్ వేళ తండ్రి తప్పు ఒప్పుకుంటాడు. ఇక మేం తినాలి, నువ్వు లేచి వెళ్లమని మిఖాయెల్ అంటాడు. రాత్రి అన్నను చెట్టుకు కట్టినవాడే ఇప్పుడు తీర్పు చెబుతాడు. తల్లి మాత్రం భర్త వెంట వెళ్లకుండా అక్కడే ఉండిపోతుంది. చాలామంది విమర్శకులు దీన్ని న్యాయం జరిగిన ముగింపుగా చూస్తారు. నేను ఒప్పుకోలేను. తండ్రి ఆ బల్ల దగ్గర నుంచి లేచాడు, నిజమే. కానీ కొడుకుది కట్టుకథ అన్న మనిషికి అక్కడ కుర్చీ అలాగే ఉంది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.