క్లాసులో కదిలిన సూచి

అందరికీ నమస్కారం.

ఫిజిక్స్ చెప్పేవాళ్లం ఏడాదికి ఒకసారైనా బోర్డు మీద ఓర్‌స్టెడ్ పేరు రాస్తాం. ఆ పేరు ఒక పుస్తకంలో ఆయిర్‌స్టెడ్ అనీ ఇంకో పుస్తకంలో ఓర్‌స్టెడ్ అనీ ఉంటుంది. నాకు నోరు తిరిగేది రెండోది. పేరు కింద ఒక తీగ, ఒక దిక్సూచి గీసి, కరెంటు పారే తీగ అయస్కాంత సూచిని కదిలిస్తుందని "క్లాసులో అనుకోకుండా కనిపెట్టాడు" అని ఒక్క ముక్క చెప్పి, ఆ ప్రభావం ఏ దిక్కున తిరుగుతుందో చెప్పే కుడిచేతి బొటనవేలు నిబంధనలోకి వెళ్లిపోతాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఆ ముక్కను ఇవాళ వెనక్కి తీసుకుందామని వచ్చాను.

హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ 1777లో డెన్మార్క్‌లోని లాంగెలాండ్ దీవిలో, రూడ్‌కోబింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. నాన్నది మందుల షాపు. పిల్లల్ని చూసుకునే తీరిక లేక, ఆయన్నీ తమ్ముణ్నీ ఒక జర్మన్ విగ్గుల పనివాడి ఇంట్లో వదిలేవారు. ఆ దంపతులు తమకు వచ్చిన జర్మనూ కాస్త లెక్కలూ నేర్పారు. మిగతా చదువంతా ఊళ్లో ఎవరికి ఏది వస్తే వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. అలా చదివిన ఇద్దరూ కోపెన్‌హాగెన్ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నారు. తమ్ముడు ఆండర్స్ న్యాయశాస్త్రం చదివి, తర్వాత దేశ ప్రధానమంత్రి అయ్యాడు. అన్నేమో నాన్న షాపులో నేర్చిన పనితో ఫార్మసీ పరీక్ష నెగ్గి, 1799లో డాక్టరేట్‌కు మాత్రం జర్మన్ తత్వవేత్త కాంట్ తత్వశాస్త్రం పట్టుకున్నారు. ప్రకృతిలోని శక్తులన్నీ మూలంలో ఒకటేనన్న నమ్మకం ఆయనకు అక్కడే బలపడింది. మనం అద్వైతం అంటే ఆయన నవ్వేవారేమో గానీ, ఆ ధోరణి మాత్రం అదే.

ఈ నమ్మకం ఆయన్ని ఒకసారి నిలువునా ముంచింది కూడా. 1801లో యూరప్ తిరగడానికి బయల్దేరారు. అప్పట్లో వింటెర్ల్ అనే హంగరీ రసాయన శాస్త్రవేత్త, ఆండ్రోనియా అనే మూలపదార్థం ఉందని చెబితే నమ్మి, దాని మీద పుస్తకం రాసేశారు. ఆండ్రోనియా అనేదే లేదు. పండితుల్లో పరువు పోయింది. ఆ ప్రయాణంలోనే యోహాన్ రిట్టర్ అనే మహా మేధావి, మహా తిక్క మనిషి స్నేహితుడయ్యాడు. అతను గ్రహగతుల లెక్కలు వేసి, విద్యుత్తులో తర్వాతి పెద్ద ఆవిష్కరణ 1819 చివర్లోనో 1820లోనో వస్తుందని 1803లోనే ఓర్‌స్టెడ్‌కు ఉత్తరం రాశాడు. ఇది కట్టుకథ కాదు, నిజంగా రాశాడు. మన పంచాంగం వాళ్లకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

1804లో తిరిగొస్తే చేతిలో ఉద్యోగం లేదు. సొంతంగా ఉపన్యాసాలు పెట్టుకున్నారు. వినేవాళ్లు ఎగబడి వచ్చారు. ఆ పేరుతోనే 1806లో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

ఇక అసలు సంగతికి వద్దాం. విద్యుత్తుకూ అయస్కాంతానికీ సంబంధం ఉండి తీరుతుందని 1812లో జర్మన్‌లో వేసిన పుస్తకంలోనే ఆయన రాశారు. కాబట్టి 'అనుకోకుండా' అన్న మాట అక్కడికక్కడే చెల్లదు. 1820 వసంతకాలంలో ఒక రోజు క్లాసుకు ముందే సామాను అమర్చుకున్నారు. ఏదో అడ్డుపడి ముందుగా చేసి చూడటం కుదరలేదు. ఇంకోసారి చూద్దాంలే అనుకున్నారు. పాఠం మధ్యలో, ఇది పనిచేస్తుందేమో అన్న ఆలోచన గట్టిపడింది. వెంటనే విద్యార్థుల ముందే కరెంటు వదిలారు. డబ్బాలో ఉన్న అయస్కాంత సూచి కదిలింది.

కదలడమంటే ఎంతో కాదు, ఏదో కొంచెం. కారణం మీకు వెంటనే తడుతుంది. ఆయన సన్నటి ప్లాటినం తీగ తీసుకున్నారు. తీగ ఎర్రగా కాలి వెలుగు చిమ్మితే, వేడీ వెలుగూ లాగే అయస్కాంత ప్రభావం కూడా పక్కలకు చిమ్ముతుందని ఆయన ఊహ. తీగ సన్నబడితే నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుందని చెప్పడానికి అప్పటికి ఓమ్ నియమమే లేదు. ఎదురుగా కూర్చున్న వాళ్లకు అది పెద్దగా ఆనలేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. ప్రపంచాన్ని మార్చిన డెమో చూసి క్లాసు చప్పగా కూర్చుంది! మనకు రోజూ జరిగేదే.

జూలైలో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి 20 రాగి తొట్టెల బ్యాటరీ. తీగను సూచి పైన పెట్టి చూశారు, కింద పెట్టి చూశారు, సూచి తిరిగే దిక్కు మారింది. మధ్యలో గాజు, చెక్క, నీళ్లు, రాయి ఏది అడ్డం పెట్టినా ప్రభావం ఆగలేదు. ఆ శక్తి తీగ చుట్టూ వలయంలా తిరుగుతోందని తేల్చారు. జూలై 21న లాటిన్‌లో నాలుగు పేజీలు అచ్చువేయించి యూరప్ అంతటికీ పోస్టు చేశారు. సెప్టెంబర్ 11న పారిస్‌లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ సభలో అరాగో అనే శాస్త్రవేత్త ఆ ప్రయోగం చేసి చూపించాడు. వారం తిరిగేసరికి ఇంకో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంపియర్ తన మొదటి పేపర్‌తో అదే సభలో నిలబడ్డాడు. తర్వాత అయస్కాంతంతో కరెంటు పుట్టించిన ఫారడే కథ మీకు తెలిసిందే.

1825లో అల్యూమినియాన్ని మొదటిసారి లోహంగా విడదీసిందీ ఆయనే. 1829లో కోపెన్‌హాగెన్‌లో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టించి, 1851లో చనిపోయేదాకా దాన్ని నడిపారు. కానీ తెలుగు మీడియంలో చెప్పినవాడిగా నాకు అన్నిటికన్నా నచ్చేది ఆయన కట్టిన మాటలు. ఆక్సిజన్ అంటే గ్రీకులో ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం. దాన్నే మనం ఆమ్లజని అన్నాం. ఆక్సిజన్ లేని ఆమ్లాలూ ఉన్నాయి కదా! ఆయన ఆ దారిన పోకుండా, డేనిష్‌లో నిప్పుకున్న మాట నుంచి 'ఇల్ట్' అనీ, మండటం నుంచి హైడ్రోజన్‌కు 'బ్రింట్' అనీ కట్టారు. డెన్మార్క్ బళ్లలో ఇప్పటికీ అవే మాటలు. మన ఆమ్లజని పాత పుస్తకాల్లో ఉండిపోయింది.

ఆయన దగ్గర పరీక్షకు వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు, హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. తర్వాత పిల్లల కథలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు. ఓర్‌స్టెడ్ అతన్ని విద్యుదయస్కాంతత్వం గురించి చెప్పమన్నారు. కుర్రాడు ఆ మాటే వినలేదన్నాడు, పైగా మీ కెమిస్ట్రీ పుస్తకంలో అది లేదండీ అని ఎదురు చెప్పాడు. నిజమే, కానీ క్లాసులో చెప్పానే అన్నారు ఈయన. అన్ని క్లాసులకూ వచ్చాను, ఒక్కటే ఎగ్గొట్టాను, అది ఆ రోజే చెప్పి ఉంటారన్నాడు. ఓర్‌స్టెడ్ నవ్వి, ఇవ్వాలనుకున్న గ్రేడ్‌ను ఒక్క మెట్టు మాత్రం దించారు. ఈ సంగతి ఆండర్సనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ జీవితాంతం స్నేహితులు.

ఇదిగో, ఈ బల్ల మీద బ్యాటరీ, లావుపాటి రాగి తీగ, దిక్సూచి ఉన్నాయి. పొద్దున్నే వచ్చి ఒకసారి చూసుకుందామనుకున్నాను, బస్సు లేటయింది. కదులుతుందో లేదో మీతో పాటే చూస్తాను. ముందు వరసలో వాళ్లు సెల్‌ఫోన్లు కాస్త దూరంగా పెట్టండి.